మార్చిన కారు మీద మోపిన నేరం

చోడవరంలో ఎవరైనా కారు కొంటే పెద్దలు అడిగే ప్రశ్నలు రెండే: ఎంత మైలేజీ ఇస్తుంది, మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది. ఈ రెండింటికీ మంచి జవాబు లేని కారు కొన్నవాణ్ణి మన ఊరు మొదట జాలిగా చూస్తుంది, తర్వాత అనుమానంగా చూస్తుంది. ఆ కారుకు టర్బో పెట్రోల్ ఇంజను ఉందనీ, కుర్రాడు దానికి టైర్లు, బ్రేకులు మార్చి, ఇంజను కంప్యూటర్‌ని కూడా మార్పించాడనీ తెలిస్తే ఇక తీర్పే మిగులుతుంది. "ఏటిరా గుంటడా, అన్ని లక్షలు పోసి కొన్న బండికి మళ్లీ డబ్బులు పోస్తావేటి? ఎవల్ని గుద్దడానికి?" అంటారు. కొత్త బండి కొనగానే స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు ఆపి నిమ్మకాయలు తొక్కించే ఊరు మాది. బండి మీద అంత భక్తి ఉన్న ఊరు, ఆ బండి లోపలి సంగతి తెలుసుకోవాలనుకున్న కుర్రాణ్ణి మాత్రం పోకిరీ అంటోంది. ఆ మాట తప్పు, దానివల్ల ఊరికే నష్టం. ఎందుకో చెబుతాను.

టర్బో అంటే రేసు కార్ల సరుకు, డబ్బున్నవాళ్ల బలుపు అన్నది మొదటి అపోహ. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంజనులోంచి బయటికి పోయే పొగలో ఇంకా బోలెడంత వేడి, ఒత్తిడి మిగిలి ఉంటాయి. మామూలు బండిలో అదంతా సైలెన్సర్ గుండా వృథాగా పోతుంది. టర్బో ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రాన్ని నిలబెడుతుంది. పొగ తోపుకు ఆ చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి సిలిండర్లలోకి కూరుతుంది. గాలి ఎక్కువ దూరితే ఇంధనం ఎక్కువ కాల్చవచ్చు కాబట్టి వెయ్యి సీసీల ఇంజను పదిహేను వందల సీసీల పని చేస్తుంది. చిన్న కార్లలో ఈ చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగగలదు. పారేసే పొగతో పని చేయించుకునే ఈ పొదుపు ఉపాయాన్ని దుబారా అనడం ఎలా కుదురుతుంది?

మన కళ్ల ముందు తిరిగే బళ్లనే చూడండి. పాడేరు ఘాట్ ఎక్కే ఆర్టీసీ బస్సుకు టర్బో ఉంది. అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచి లోడు ఎత్తుకుని వెళ్లే లారీకి టర్బో ఉంది. పెళ్లిళ్లకు మాట్లాడుకునే డీజిల్ ఇన్నోవాకు, టాక్సీగా తిరిగి తిరిగి అరిగిన స్విఫ్ట్ డిజైర్ డీజిల్‌కు కూడా ఉంది. మైలేజీలో మారుతిని మించింది లేదని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న ఆ డీజిల్ ఇంజను ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్, అదీ టర్బో ఇంజనే. డీజిల్ బండిలో ఉంటే పొదుపు అయినది పెట్రోల్ బండిలోకి వచ్చేసరికి పొగరు ఎలా అయింది? పైగా అది ఎక్కడో జర్మనీ నుంచి దిగే వస్తువు కూడా కాదిప్పుడు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. ఆ కారును 140 హార్స్‌పవర్ ఇచ్చే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుతో కూడా అమ్మారు. శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి, వాటివీ టర్బో డీజిల్ ఇంజన్లే. మన అచ్యుతాపురంలో 2022లో టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఆంధ్ర కుర్రాళ్లు జీతానికి చేస్తే ఉద్యోగం అనిపించుకున్న పని, సాయంత్రం తమ సొంత బండి మీద ఇష్టంతో చేస్తే తిరుగుబోతుతనం అవుతోంది.

ఇక డబ్బు సంగతి. దాని మీద ఎక్కువ మాట్లాడను. మన దేశంలో పెట్రోల్ టర్బో అభిమానులు ముందుగా చెప్పుకునే కారు 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. అది మనబోటి వాళ్లకు అందేది కాదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఎనిమిది లక్షల లోపు షోరూమ్ ధరతో వచ్చాక కథ మారింది. తర్వాత 2015లో 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో, 2017లో మారుతి వారి బలేనో ఆర్‌ఎస్ వచ్చాయి. వీటిని ఇప్పుడు వాడేవాళ్లలో చాలామంది సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లే. నా పోలో కూడా అలాంటిదే. ఒక పెద్ద పెళ్లిలో ఒక్క రాత్రి వెలిగే లైటింగుకూ డీజేకూ అయ్యే ఖర్చు గురించి మనం ఎవరినీ నిలదీయం. సంపాదించుకున్న డబ్బుతో బ్రేకులు బాగు చేయించుకున్నవాణ్ణి నిలదీసే హక్కు కూడా ఎవరికీ లేదు.

అసలు మార్చడం అంటే ఏం చేస్తారో తెలియకుండానే తీర్పు ఇస్తున్నారు. బుద్ధి ఉన్న అభిమాని మొదట ఇంజను జోలికి పోడు, టైర్ల దగ్గర మొదలుపెడతాడు. బండికీ రోడ్డుకీ మధ్య ఉన్న బంధం నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమేనని వాడికి తెలుసు. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి వేసి పంపిన టైరు తీసేసి, తడి రోడ్డు మీద పట్టు ఉన్న టైరు వేయిస్తాడు. తర్వాత బ్రేకులు. పాడేరు ఘాట్ దిగేటప్పుడు వరసగా వచ్చే మలుపుల్లో బ్రేకు తొక్కీ తొక్కీ ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది. ఆ ఘాట్‌లో 2023 ఆగస్టులో ఆర్టీసీ బస్సు లోయలో పడి ప్రాణాలు పోయిన సంగతి మన ప్రాంతం మరిచిపోలేదు. అలాంటి రోడ్డు మీద వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించుకోవడం, తేమ పీల్చుకుని పాడైన బ్రేక్ ఫ్లూయిడ్‌ను గడువుకు ముందే మార్పించుకోవడం షోకు కోసం చేసే పని కాదు. ఆ తర్వాత సస్పెన్షన్. సినిమాల్లో చూపించినట్టు కారును నేలకు దించేస్తారనుకుంటారు గానీ, మన భీమిలి–నర్సీపట్నం రోడ్డు గోతుల్లో దించిన కారు ఒక్క వానాకాలం కూడా నిలవదు. ఇక్కడి వాళ్లు ఎత్తు తగ్గించకుండా, మలుపులో బండి ఒరిగిపోకుండా పట్టి ఉంచే షాక్ అబ్జార్బర్లు వేయించుకుంటారు.

ఇవన్నీ అయ్యాకే రీమ్యాప్. ఇంజనుకు ఎంత గాలి కూరాలి, ఎంత పెట్రోలు చల్లాలి, నిప్పురవ్వ ఎప్పుడు వెలిగించాలి అన్న లెక్కలు ఒక చిన్న కంప్యూటర్‌లో ఉంటాయి. దేశాల తేడాలు, రకరకాల పెట్రోళ్లు, నిర్లక్ష్యంగా వాడే యజమానులు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని కంపెనీ ఆ లెక్కల్లో కొంత జాగ్రత్త మిగిల్చి ఉంచుతుంది. ఆ లెక్కల్ని మార్చే ట్యూనర్ ఆ మిగులులోంచి కొంత తీసుకుంటాడు. ఎంత తీసుకోవచ్చన్నదే అసలు విద్య. పోలో జీటీ టీఎస్‌ఐ ఇంజను 175 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దానికి జోడించిన ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ 250 వరకే తట్టుకునేలా చేసినది. ఆ గీత దాటించేవాడు నాలుగు రోజులు షోకు చూపించి క్లచ్ మాడ్చుకుంటాడు. గీత తెలిసినవాడు దానికి చాలా ఇవతలే ఆగుతాడు. ఈ సంయమనం నేర్పేది ఆ కారే. ఘాట్ ఎక్కి వచ్చాక ఇంజను వెంటనే ఆపకుండా కాసేపు ఊరికే తిరగనివ్వాలి, లేకపోతే ఎర్రగా కాగిన టర్బో లోపల ఆయిల్ మాడి గడ్డకడుతుందని వాడికి తెలుసు. ఆయిల్ ఏ గ్రేడు, ఎప్పుడు మార్చాడు, ఎవరు మార్చారు అన్నది పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు. సర్వీసు గడువు దాటినా "ఇంకో రెండు వేలు తిప్పుదాం లే" అనే మామూలు యజమాని పక్కన ఇతణ్ణి నిలబెట్టి చూడండి.

చెరకు పండే నేల మీద ఉన్నాం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. మైలేజీ తగ్గిందని ఊరంతా గొణుగుతోంది. తగ్గుతుంది కూడా, ఎందుకంటే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కానీ దానికి ఇంకో గుణం ఉంది. దాని ఆక్టేన్ వంద దాటుతుంది, అంటే ఒత్తిడిలో తనంతట తాను ముందే భగ్గుమనకుండా ఓర్చుకుంటుంది. టర్బో ఇంజనుకు కావలసింది సరిగ్గా ఆ ఓర్పే. గాలి ఎంత కూరితే లోపల అంత వేడి, వేళ కాని వేళ మంట లేస్తే పిస్టన్ పగులుతుంది. అందుకే ప్రపంచమంతటా టర్బో ట్యూనర్లు ఇథనాల్ ఎక్కువున్న ఇంధనాన్ని కోరి వాడుకుంటారు. గోవాడ చుట్టూ చెరకు వేసే రైతు కొడుకు ఈ రసాయనం అర్థం చేసుకుంటే అది వాడి పంట గురించిన జ్ఞానమే. పాత కారులో రబ్బరు పైపులు ఇథనాల్‌కు తట్టుకుంటాయా అని విప్పి చూసుకునేది కూడా, ఊళ్లో ముందుగా, ఈ పోకిరీలనిపించుకునే కుర్రాళ్లే.

ఇప్పుడు అసలు అభియోగానికి వస్తాను. ఈ కార్లు జనాన్ని చంపుతాయి అంటారు. చావు ముందు తేలిగ్గా మాట్లాడే హక్కు నాకు లేదు, అందుకని లెక్కలతోనే చెబుతాను. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు, దాదాపు ఇరవై శాతం కాలినడకన వెళ్తున్నవాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది, సీటు బెల్టు పెట్టుకోక పోయినవాళ్లు 16,715 మంది. అదే నివేదికలో 70 శాతానికి పైగా మరణాలకు అతివేగం కారణమని ఉంది కదా అని అడుగుతారు. అడగాల్సిందే. కానీ అతివేగం అంటే రెండు వందల కిలోమీటర్లు కాదు. సంత రోజున చోడవరం బజారులో అరవైలో పోయే స్కూటీ కూడా అతివేగమే. వేగం తప్పో కాదో చెప్పేది రోడ్డు. ఏ ఇంజనయినా, దాని బ్యాడ్జీ ఏదయినా, తప్పుడు చోట తొక్కితే చంపుతుంది.

నాకు ఎదురుగా చూపించే ఉదాహరణలు రెండు. 2024 మేలో పుణేలో ఒక మైనరు కుర్రాడు నడిపిన పోర్షే ఇద్దరు యువ ఇంజనీర్లను బలి తీసుకుంది. ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో "చూశావా ఈ కార్లు" అన్న మాటే. ఆ కారు పోర్షే టైకాన్. అది బ్యాటరీ కారు, దానికి టర్బో ఉండే ప్రశ్నే లేదు. అక్కడ తప్పంతా లైసెన్సు వయసు రాని పిల్లవాడికి తాళం ఇవ్వడంలో, మద్యంలో, కారుకు శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా లేకుండా రోడ్డెక్కించడంలో ఉంది. రెండోది మనకు దగ్గరిది, నన్ను ఎక్కువ బాధపెట్టేది. 2019 నవంబరు 23న హైదరాబాదులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక పోలో కారు కిందికి పడి, కింద నిలబడి ఉన్న మహిళ ప్రాణం తీసింది. గంటకు 40 కిలోమీటర్ల హద్దు ఉన్న మలుపులో ఆ కారు వందకు దగ్గరి వేగంతో వచ్చింది. ఇది టర్బో అభిమానులు చూపు తప్పించుకోకూడని ఘటన. ఆ నడిపిన తీరును సమర్థించే మాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు. కానీ తర్వాత ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. ఫ్లైఓవర్ మూసేసి, నిపుణులతో పరిశీలింపజేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేశాకే మళ్లీ తెరిచింది. రోడ్డునూ వేగాన్నీ సరిచేయాలని అక్కడ అర్థమైంది. మార్చిన కార్ల మీద పడితే ప్రాణాలు నిలుస్తాయని ఆ నిపుణుల్లో ఎవరైనా చెప్పినట్టు నేను వినలేదు.

ఆ రోడ్డు సంగతే తీసుకోండి. మన ఉత్తరాంధ్ర నాయకుడు ఎర్రన్నాయుడు 2012 నవంబరులో రణస్థలం దగ్గర అర్ధరాత్రి దాటాక ట్యాంకరును కారు ఢీకొని పోయారు. సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ 2014 డిసెంబరులో ట్రాక్టరును కారు ఢీకొని పోయారు. ఈ రెండు దుర్ఘటనల నుంచి మన రోడ్లు ఏం నేర్చుకున్నాయి? చెరకు తోలే రోజుల్లో రాత్రి పూట వడ్డాది వైపు వెళ్లి చూడండి. వెనక లైటు లేని, రిఫ్లెక్టరు స్టిక్కరు కూడా లేని ట్రెయిలర్, పక్కలకు మూరెడేసి పొడుచుకొచ్చిన చెరకు గడలు, ఎదురుగా హైబీమ్ వేసుకుని వచ్చే లారీ. ఆ ట్రెయిలర్ తోలేవాడి మీద నాకు కోపం లేదు, వాడి బతుకు అది. కానీ ప్రాణం తీసేది ఆ చీకటి అని తెలిసీ, కొద్దిపాటి ఖర్చయ్యే ఎర్ర స్టిక్కరు అంటించమని ఎవరూ అడగరు. మంచి టైర్లు వేసుకున్న పోలోను ఆపి మాత్రం నీతి చెబుతారు.

ఇప్పుడు మా వైపు నుంచి కూడా ఒక మాట. సైలెన్సర్ కోసేసి, ఆసుపత్రి ముందు, పరీక్షలు రాసే పిల్లల ఇళ్ల ముందు టపటపమని పేల్చుకుంటూ పోయేవాళ్లను నేను అభిమానుల లెక్కలో వేయను. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసి పారేసి మనందరి ఊపిరితిత్తుల్లోకి విషం వదిలేవాళ్లనూ వేయను. మోటారు వాహనాల చట్టంలో శబ్ద, వాయు కాలుష్యానికి పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుకు మూడు నెలల అనర్హత ఉన్నాయి. రోడ్డు మీద పందేలకూ శిక్ష ఉంది. వాటిని నిర్దాక్షిణ్యంగా అమలు చేయండి. అభిమానులుగా మేమే ముందుండి అడగాల్సిన మాట అది. ఇన్నాళ్లూ గట్టిగా అడగనందుకే ఆ నలుగురి చప్పుడు మా అందరి పేరు మీద పడింది.

కానీ చట్టం అక్కడ ఆగలేదు. 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను ఉన్నది ఉన్నట్టే అమలు చేయాలని తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ రెండూ గానీ అని చేర్చారు. న్యాయస్థానం చట్టాన్ని చదివింది, అందులో తప్పు లేదు. తప్పు చట్టం రాసిన తీరులో ఉంది. ప్రమాదాన్ని పెంచే మార్పుకూ తగ్గించే మార్పుకూ అది తేడా చూడదు. అయినా చట్టానికి మార్పు అంటేనే భయం అనడానికీ లేదు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ తెచ్చి, డిక్కీలో అధిక పీడనంతో గ్యాసు నింపిన సిలిండర్ బిగించి, ఆర్సీలో రాయించుకుంటే అది చట్టబద్ధం. కిట్‌కు పరీక్ష ఉంది, బిగించేవాడికి అనుమతి ఉంది, రికార్డు ఉంది. గ్యాసు సిలిండర్‌కు దొరికిన ఈ దారి బ్రేకులకు, సస్పెన్షన్‌కు, హద్దులో ఉన్న రీమ్యాప్‌కు ఎందుకు దొరకదు?

జర్మనీలో ఈ దారి ఉంది. టీయూవీ లాంటి సంస్థల ఇంజనీరు బండిని చూసి, అమర్చిన భాగానికి పరీక్ష పత్రం ఉందో లేదో చూసి, సరిపోతే బండి కాగితాల్లో రాయిస్తాడు. సరిపోకపోతే బండి రోడ్డెక్కదు. మన దగ్గర పుణేలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు దశాబ్దాల అనుభవంతో ఉన్నాయి. బ్రేకులను రోలర్ల మీద కొలిచే ఆటోమేటెడ్ ఫిట్‌నెస్ కేంద్రాలు వస్తున్నాయి. పనిముట్లన్నీ ఉండీ దారి మూసేస్తే జరిగేది ఒక్కటే. కుర్రాళ్లు దొంగచాటుగా చేయించుకుంటారు, ఎక్కడో సందులోని షెడ్డులో, నకిలీ ప్యాడ్లతో, ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలుతో. ఇన్సూరెన్సుకు చెప్పరు, చెబితే చిక్కు. ప్రమాదం జరిగితే క్లెయిము పోవచ్చు, అవతల దెబ్బ తిన్నవాడి బతుకూ కోర్టుల చుట్టూ తిరుగుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు కూడా ఏది మంచి మార్పో ఏది చెడ్డదో కొలిచే కొలత లేదు, కళ్లకు మెరిసే చక్రాలు కనబడితే ఆపుతాడు.

వేగం మీద మక్కువ ఉన్న కుర్రాడికి ఇంకో చోటు చూపించకపోవడం కూడా మన తప్పే. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 1990 నుంచి ఉంది. చోడవరం నుంచి అది దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. విశాఖ చుట్టుపక్కల అలాంటిది ఏదీ లేదు. ఉన్నదల్లా అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా వేసిన ఆరు వరసల హైవే, దాని పక్కనే ఊళ్లు, దాటుకుంటూ వచ్చే మనుషులు, పశువులు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసి ఫార్ములా ఈ రేసు నడిపించిన తెలుగు నేల ఇది. అంత ఆర్భాటం మాకు అక్కర్లేదు. నెలకు ఒక్క ఆదివారం, ఖాళీగా ఉన్న ఒక చదును నేల, ఇసుక బస్తాలు, ఒక అంబులెన్సు, హెల్మెట్లు, బండిని ముందే తనిఖీ చేసే మనిషి ఉంటే చాలు. అక్కడ ఒక్కసారి తడి నేల మీద ఎనభైలో బ్రేకు తొక్కి ఎంత దూరం జారాడో చూసుకున్న కుర్రాడు, మర్నాడు సబ్బవరం రోడ్డు మీద వేరేలా నడుపుతాడు. ఆ పాఠం ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చెప్పడం లేదు.

రవాణా శాఖకు నా విన్నపం ఇది. సీఎన్‌జీ కిట్లకు ఉన్న పద్ధతినే బ్రేకు, సస్పెన్షన్, టైరు, ఇంజను మార్పులకూ విస్తరించమని కేంద్రానికి రాయండి. ఆ లోపు మన జిల్లాలో శబ్దం, పొగ, లైట్లు, బ్రేకులు కొలవడం మొదలుపెట్టండి. కారుకైనా, ట్రాక్టరుకైనా, ఆటోకైనా ఒకే కొలత పెట్టండి. మా బళ్లను మొదటి రోజే వరసలో నిలబెడతాం.

ఇది చదువుతున్న పెద్దలకూ ఒక మాట. మీ కారు టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2317 అని ఉంటే ఆ టైరు 2017లో ఇరవై మూడో వారంలో తయారైంది. గాట్లు ఎంత లోతుగా కనిపించినా అన్నేళ్ల రబ్బరు గట్టిపడి పట్టు పోగొట్టుకుంటుంది. ఈ రోజే బయటికి వెళ్లి మీ బండివి చూడండి, ఆరేళ్లు దాటి ఉంటే మార్పించండి. ఏ టైరు వేయించాలో తెలియకపోతే మీ వీధిలో కారు మార్చుకున్న కుర్రాణ్ణి పిలిచి అడగండి.